పురుగును వెల్లకిలా తిప్పండి, పక్కన ఇంకొకటి పెట్టండి

ఈ మధ్య మా చిన్నాయన చేతికి రైతులకు పంచే ఒక చిన్న పుస్తకం వచ్చింది. పత్తి, కంది, కూరగాయలు, పల్లి అన్నీ అందులోనే ఉన్నాయి. వంగ తోట పేజీలో అక్షింతల పురుగు కనిపిస్తే మందు కొట్టాలని రాశారు. కొన్ని పేజీలు తిప్పితే పత్తి దగ్గర అక్షింతల పురుగులు మిత్ర పురుగులు, వాటిని కాపాడుకోవాలని రాశారు. ఆయనకు దేవరకొండ దగ్గర పత్తి చేను ఉంది, దాని గట్టు పక్కనే ఇంటి మందం వంగ మొక్కలు. "ఏంది బిడ్డా, ఒకటే పుస్తకంల ఒక దిక్కు సంపుమంటున్నరు, ఇంకో దిక్కు సాదుకోమంటున్నరు. నడుమ గట్టు ఒక్కటే గదా. అది ఇటు నుంచి అటు పోతే నేనేం జెయ్యాలె?" అని అడిగాడు.

పుస్తకంలో తప్పేమీ లేదు. వంగ ఆకు పచ్చదనాన్ని గోకి ఈనెలు మాత్రమే మిగిల్చేది ఎపిలాక్నా. పత్తి మీద పేనుబంకను తినేవి చీలోమెనిస్, కాక్సినెల్లా వంటి దాని దాయాదులు. అన్నీ ఒకే కుటుంబం, అన్నీ గుండ్రంగా ఉబ్బి మచ్చలతో ఉంటాయి. మచ్చలు లెక్కపెట్టుకోమని కొందరు సలహా చెబుతారు. 1775లో ఫాబ్రీషియస్ ఎపిలాక్నాకు పెట్టిన పేరులోనే 28 మచ్చలున్నాయి. కానీ చేలో దొరికే పురుగుల్లో కొన్ని మచ్చలు మాసిపోయి ఉంటాయి, కొన్ని ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. లెక్క కుదరదు.

కుదిరే తేడా వేరే ఉంది. ఎపిలాక్నా ప్రోనోటమ్ (తల వెనుక ఉన్న గట్టి పలక) మీద, ఎలిట్రా (వీపును కప్పే గట్టి రెక్కలు) మీద పొట్టి నూగు ఉంటుంది. అందుకే అది ఎండలో కూడా మసకగా కనిపిస్తుంది. పేనుబంకను తినే వాటిలో మనకు మామూలుగా కనిపించేవి నున్నగా మెరుస్తాయి. ఇంకా దగ్గరికి వెళ్తే నోట్లో తేడా ఉంది. ఎపిలాక్నా హనువు, అంటే కొరికే దవడ, కొసన ఆకును గోకడానికి చాలా పళ్ళుంటాయి, దాని మొదలు దగ్గర పన్ను ఉండదు. వేటాడే వాటి హనువు కొస రెండుగా చీలి ఉంటుంది, మొదలు దగ్గర కూడా ఒక పన్ను ఉంటుంది. ఈ తేడాల్లో మొదటిదైనా ఆ పుస్తకంలో ఒక్క వాక్యంగా ఉండి ఉంటే చిన్నాయన ప్రశ్నకు అక్కడే జవాబు దొరికేది.

ఆ వాక్యం ఎందుకు లేదో నేను చాలా ఆలోచించాను. నేను జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. అక్షింతల పురుగు వంటి పెంకు పురుగుల శరీర భాగాల పేర్లను మనం నేర్పే తీరులోనే లోపం ఉందని నాకు గట్టిగా అనిపిస్తోంది. ఒక పురుగు బొమ్మ వేసి, చుట్టూ బాణాలు గీసి, ఒక్కో బాణానికి ఒక్కో పేరు రాసి కంఠస్థం చేయిస్తాం. అలా నేర్చుకున్న పేరు పరీక్ష అయిపోగానే పోతుంది. దగ్గరి పోలిక ఉన్న రెండు పురుగులను పక్కపక్కన పెట్టి, తేడా ఎక్కడుందో విద్యార్థి కళ్ళతోనే వెతికించి, దొరికిన చోటికి అప్పుడు పేరు చెప్పాలి. పురుగును వెల్లకిలా కూడా వేయించాలి. నా వాదనంతా ఇంతే. చెప్పడానికి తేలికగా ఉన్నా, దీనికి అడ్డొచ్చే మాటలు చాలా ఉన్నాయి. వాటి దగ్గరికి కూడా వస్తాను.

పైనుంచి కనిపించే మూడు భాగాలు

ఒక సైన్సు ఫెయిర్‌లో తొమ్మిదో తరగతి అమ్మాయి కొమ్ము పురుగు చార్టు ముందు నిలబడి భాగాలన్నీ తడబడకుండా చెప్పింది. తల, వక్షం, ఉదరం, స్పర్శశృంగాలు (మీసాలు), ఎలిట్రా, మొత్తం అప్పజెప్పింది. పక్క బల్ల మీద ఎండిన కొమ్ము పురుగు ఒకటి ఉంటే దాన్ని చేతికిచ్చి వక్షం చూపించమ్మా అన్నాను. తల వెనుక ఉన్న నల్లటి గట్టి పలక మీద వేలు పెట్టింది. ఉదరం ఏది అంటే ఎలిట్రా మీద పెట్టింది. ఆ అమ్మాయి తప్పు ఇందులో ఏమీ లేదు. చార్టులో బాణాలు కూడా సరిగ్గా అక్కడికే గీసి ఉన్నాయి.

పైనుంచి చూస్తే పెంకు పురుగుకు మూడు భాగాలు కనిపిస్తాయి. అవి మనం చదువుకున్న మూడు భాగాలు కావు. తల వెనుక ఉన్న గట్టి పలక ప్రోనోటమ్. వక్షంలోని మూడు ఖండాల్లో అది మొదటి ఖండపు పైకప్పు మాత్రమే. మిగిలిన రెండు ఖండాలూ, ఉదరమూ కలిసి ఎలిట్రా కింద దాక్కుని ఉంటాయి. ఎలిట్రా అంటే గట్టిపడిన ముందు రెక్కలు, అవి రెండో ఖండానికి అతికి ఉంటాయి. ఎగరడానికి పనికొచ్చే పల్చటి రెక్కలు మూడో ఖండానివి, అవి మడతపడి ఎలిట్రా కింద ఉంటాయి. రెండు ఎలిట్రా మొదళ్ళు కలిసే చోట చిన్న ముక్కోణపు పలక కనిపిస్తే అది స్క్యుటెల్లమ్. పైనుంచి చూసేవాళ్ళకు రెండో ఖండం మామూలుగా కనిపించేది ఆ కాస్త మేరకే. దాన్ని పట్టించుకోకుండా వదిలేస్తే పురుగు నిర్మాణమే తారుమారవుతుంది.

ఇప్పుడు వెల్లకిలా తిప్పండి. కాళ్ళు ఎక్కడ నుంచి మొలిచాయో చూడండి. ముందు కాళ్ళు ప్రోనోటమ్ కింద, నడిమి కాళ్ళు, వెనక కాళ్ళు ఎలిట్రా పరిధిలో. కాలు ఉన్న చోటల్లా వక్షమే అన్న ఒక్క సూత్రం గుర్తుంటే చాలు, పైనుంచి చూసినప్పుడు ఉదరం అనుకున్న దాంట్లో ముందు భాగం వక్షమని అక్కడికక్కడే తెలిసిపోతుంది. నడిమి కాళ్ళకూ వెనక కాళ్ళకూ మధ్య ఉన్న వెడల్పాటి పలక మూడో ఖండానిది, మెటాస్టెర్నమ్. ఎగిరే పురుగుల్లో అది పెద్దగా ఉండటానికి కారణం ఉంది. ఎగరడానికి కావలసిన కండరాలు ఆ ఖండంలోనే ఉంటాయి. ఆ తర్వాత వరుసగా కనిపించే పలకలు ఉదరానివి, వెంట్రైట్లు. చాలా వాటిలో ఐదు కనిపిస్తాయి.

పురుగులను పెట్టెలో భద్రపరిచేవాళ్ళు పెంకు పురుగుకు గుండుసూదిని నడిమధ్యన గుచ్చరు. కుడి ఎలిట్రాన్ ముందు భాగంలో గుచ్చుతారు. సూది కింద నడిమి కాలికీ వెనక కాలికీ మధ్య బయటికి రావాలి. స్క్యుటెల్లమ్, రెండు ఎలిట్రా కలిసే గీత, కాళ్ళ మొదళ్ళు, గుర్తింపుకు పనికొచ్చేవేవీ చెడిపోకూడదు. కుడివైపు చెడినా ఎడమవైపు అదే భాగం చెక్కు చెదరకుండా ఉంటుంది. విద్యార్థితో ఒక్కసారి ఈ సూది గుచ్చిస్తే ఐదారు పదాలు వాటంతట అవే అర్థమవుతాయి.

మా దిక్కు పిల్లలందరికీ తెలిసిన పురుగు ఇంకొకటి ఉంది. వెల్లకిలా వేస్తే కాసేపు చచ్చినట్టు పడి ఉండి, టక్కుమని గాల్లోకి ఎగిరి పడుతుంది. పిల్లలు మళ్ళీ మళ్ళీ తిప్పి వేసి ఆడుకుంటారు. మొదటి వక్ష ఖండం అడుగున వెనక్కి పొడుచుకొచ్చిన ముల్లు ఒకటి, రెండో ఖండం అడుగున దానికి సరిపడా గుంట ఒకటి ఉంటాయి. ముల్లు గుంటలోకి ఒక్కసారిగా జారడంలోనే ఆ ఎగురుడంతా ఉంది. ప్రోస్టెర్నల్ ప్రాసెస్ అని బోర్డు మీద రాస్తే ఎవరికీ ఎక్కదు. ఆ పురుగును అరచేతిలో పెట్టి టక్కుమనిపించి చెప్పండి, జన్మలో మర్చిపోరు.

జీరంగి సంగతి కూడా అంతే. వానాకాలంలో తుమ్మ చెట్ల మీద దొరికే ఆ మెరిసే పురుగును అగ్గిపెట్టెలో పెట్టి తుమ్మాకు వేసి పెంచని పిల్లలు మా తరంలో అరుదు. ఎన్నాళ్ళు దాని వీపు చూసి మురిసిపోయినా, అక్కడ ముక్కోణపు పలక కనిపించదన్న సంగతి ఎవరమూ గమనించలేదు. రొమ్ము కింద ముందుకు పొడుచుకొచ్చిన కొమ్మును కూడా చూడలేదు. దాని శాస్త్రీయ నామం స్టెర్నోసెరాకు ఆ రొమ్ము మీది కొమ్మే ఆధారం.

తేడా కోసం పుట్టిన పేర్లు

శరీర భాగాల పేర్లన్నీ ఎవరో తీరిగ్గా కూర్చుని పురుగు మొత్తానికి పంచి పెట్టినవి కావు. ఇప్పటిదాకా దాదాపు 4 లక్షల పెంకు పురుగు జాతులకు పేర్లు పెట్టారు. ఒకదాన్ని ఇంకొకదాన్నుంచి వేరు చేయాల్సి వచ్చిన ప్రతిసారీ ఎక్కడో ఒక చిన్న గీతను, గుంటను, పన్నును పట్టుకోవాల్సి వచ్చింది. ఆ అవసరాన్ని తీసేసి పేరొక్కటే ఇస్తే పిల్లలకు అది బరువే. జత పెట్టి చూపితే ఆ అవసరం వాళ్ళకు కూడా కలుగుతుంది.

మిర్యాలగూడ చుట్టూ ఉన్న రైసు మిల్లుల్లో ఈ జతలకు కొదువ లేదు. వడ్లలో, బియ్యంలో తిరిగే సన్నటి గోధుమ రంగు పురుగులన్నిటినీ కలిపి పురుగు పట్టింది అనేస్తాం. గుప్పెడు దుమ్ము తెచ్చి తెల్ల కాగితం మీద పోసి కటకంతో చూడండి. ఒక దానికి తల ముందుకు సాగి పొడవాటి ముక్కుగా ఉంటుంది. ఆ భాగం రోస్ట్రమ్. చాలామంది దాన్ని పీల్చే గొట్టం అనుకుంటారు, కానీ దాని కొసన కొరికే హనువులే ఉంటాయి. స్పర్శశృంగాలు ముక్కు పక్కల నుంచి మొలిచి మోచేయిలా వంగి ఉంటాయి. ఇది ముక్కు పురుగు. ఇంకొకటి గొట్టంలా గుండ్రంగా, పొడుగ్గా ఉంటుంది. పైనుంచి చూస్తే దానికి తల ఉన్నట్టే కనిపించదు. ప్రోనోటమ్ ముందుకు వంగి తలను పూర్తిగా కప్పేస్తుంది, ఆ వంపు మీద ఆకురాయి పళ్ళలాంటి గరుకు ఉంటుంది. ఇది రైజోపెర్తా.

ఈ రెంటినీ ఒకే కాగితం మీద చూసిన వాళ్ళకు ప్రోనోటమ్, రోస్ట్రమ్ అన్న మాటలను మళ్ళీ వివరించాల్సిన పనిలేదు. తేడా తెలుసుకోవడంలో లాభం కూడా ఉంది. ముక్కు పురుగు గింజకు ముక్కుతో తూటు పెట్టి, అందులో గుడ్డు పెట్టి, పైన మూసేస్తుంది. రైజోపెర్తా గుడ్లను గింజల మధ్య బయటే వదిలేస్తుంది, పిల్ల పురుగు తనంతట తాను గింజలోకి తొలుచుకుని పోతుంది. ఆ గుడ్లు ఉండే చోటే వేరు, కాబట్టి వెతకాల్సిన చోటు కూడా వేరు.

పిండి పురుగుల్లో జత ఇంకా కష్టమైనది. ట్రైబోలియమ్ కాస్టానియమ్, ట్రైబోలియమ్ కన్‌ఫ్యూజమ్ రెండూ అచ్చం ఒకటే. మొదటి దాని స్పర్శశృంగంలో చివరి మూడు ముక్కలు ఒక్కసారిగా లావెక్కుతాయి. రెండో దానిలో లావు మెల్లమెల్లగా పెరుగుతూ పోతుంది. పిల్లలకు మొదటే ఈ జత ఇవ్వకూడదు. కళ్ళు అలవాటు పడ్డాక ఇవ్వాలి.

నాకు అన్నిటికంటే ముఖ్యమైన జత మృగశిర కార్తెలో వీధి దీపాల కింద దొరుకుతుంది. తొలి వానలు పడ్డ రాత్రి దీపం చుట్టూ గిరగిరా తిరిగి కింద పడే బొద్దు పురుగుల్లో రెండు రకాలు కలిసి ఉంటాయి. కొన్ని పేడ పురుగులు. కొన్ని వేరు పురుగు తల్లులు, పల్లి వేళ్ళను తినే తెల్ల పురుగులు పుట్టేది వీటికే. రెంటి స్పర్శశృంగాల చివర పలకలు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి, ముందు కాళ్ళకు తవ్వే పళ్ళుంటాయి. చీకట్లో చేతికి దొరికితే రెండూ ఒకటే. వెల్లకిలా తిప్పితే నడిమి కాళ్ళ కాక్సాలు, అంటే ఒంటికి అతికి ఉండే కాలి మొదటి ముక్కలు, పేడ పురుగులో ఒకదానికొకటి చాలా ఎడంగా ఉంటాయి. వేరు పురుగు తల్లిలో దగ్గరదగ్గరగా ఉంటాయి. తల ముందు ఉండే క్లిపియస్ పేడ పురుగులో పారలా వెడల్పై నోటిని పైనుంచి కప్పేస్తుంది. వెనక కాలి టిబియా (తొడ తర్వాతి ముక్క) చివర పేడ పురుగుకు ఒక్కటే ముల్లు, రెండో దానికి రెండు. పేడ పురుగుల్లో చాలా వాటికి స్క్యుటెల్లమ్ పైకి కనిపించదు, రెండో దానికి స్పష్టంగా కనిపిస్తుంది.

ఇన్ని పదాలు ఎందుకంటే, తొలి వానల తర్వాత రాత్రిపూట యాప చెట్ల కొమ్మలు దులిపి, పడ్డ పురుగులను కిరసనాయిలు కలిపిన నీళ్ళలో వేయమని వేరు పురుగుకు చెబుతారు. అది మంచి పద్ధతి, మందు ఖర్చు తగ్గుతుంది. అయితే కొన్ని ఊళ్ళలో దీపాల కింద పడ్డవన్నీ ఊడ్చి చంపేస్తారు. పశువుల పేడను భూమిలోకి తీసుకుపోయి మట్టిని గుల్ల చేసే పురుగు కూడా అందులో పోతుంది. కాక్సాలు ఎడంగా ఉన్నాయా, దగ్గరగా ఉన్నాయా అని చూసే మనిషి ఊరికి ఒక్కరున్నా అది ఆగుతుంది.

కాలి చివర ఉండే చిన్న చిన్న ముక్కల లెక్క గురించి కూడా చెప్పాలి. టార్సస్‌లో ముందు, నడిమి, వెనక కాళ్ళకు ఎన్ని ముక్కలున్నాయో వరుసగా రాస్తారు. వాగు ఒడ్డున రాళ్ళ కింద పరుగెత్తే నల్ల పురుగుల్లో కొన్నిటికి 5-5-5, కొన్నిటికి 5-5-4. మొదటివి కారాబిడే కుటుంబానివి, వేటాడేవి. వాటి వెనక కాక్సాలు ఉదరపు మొదటి పలకను నిలువునా రెండుగా చీల్చుకుని పోతాయి. రెండోవి టెనిబ్రియోనిడే, ఎక్కువగా కుళ్ళిన, ఎండిన పదార్థం తినేవి. వాటిలో ఆ పలక చీలదు. రంగు, సైజు రెంటికీ ఒకటే. కంది పూత మీద వాలి పూలు తినేసే నలుపు, నారింజ పట్టీల పురుగు ఉంది కదా, ఒంటికి రసం తగిలితే బొబ్బలు లేస్తాయి. దానికి కూడా 5-5-4. ఇంటి గోధుమ పిండిలోని ట్రైబోలియమ్‌కు కూడా 5-5-4. చూపుకు ఎక్కడా పోలిక లేని ఈ రెండూ ఒకే పెద్ద వంశానివని కాలి వేళ్ళ లెక్క చెబుతుంటే నాకు ప్రతిసారీ ఒళ్ళు పులకరిస్తుంది.

ఈ లెక్కలో ఒక ఇబ్బంది ఉంది. అక్షింతల పురుగుకు కంటికి మూడు ముక్కలే కనిపిస్తాయి, నిజానికి నాలుగు. మూడోది మరీ చిన్నదై రెండో దాని చీలికలో దాక్కుంటుంది. కొల్లాపూర్ మామిడి తోటల రైతులను ఏడిపించే కాండం తొలిచే పురుగు బాటోసెరాకు నాలుగు కనిపిస్తాయి, నిజానికి ఐదు. కాబట్టి లెక్కపెట్టడం నేర్పేటప్పుడు, ఏది దాక్కుంటుందో కూడా చెప్పి తీరాలి.

అడ్డొచ్చే మాటలు

మొదటి అభ్యంతరం రైతులది. ఒక పెద్దాయన నాతో అన్నాడు: "సారూ, పురుగు ఏ చెట్టు మీద ఉన్నదో, ఆకు ఎట్ల తిన్నదో చూస్తే తెల్వదా? దాని కాళ్ళు లెక్కవెట్టాల్నా?" ఆ మాటలో చాలా నిజముంది. ఆకు ఈనెలు తేలి ఉండి, పక్కనే మచ్చల పురుగు ఉంటే అది ఎపిలాక్నాయే అనడానికి కటకం అక్కర్లేదు. అనుభవజ్ఞుడైన రైతు నాకన్నా ముందే పోల్చుకుంటాడు. కానీ వంగ మీద కూడా పేనుబంక వస్తుంది. దాన్ని తినడానికి మెరిసే అక్షింతల పురుగులూ వస్తాయి. నష్టం ఒకటి చేసి, దొరికేది ఇంకొకటి అయిన సందర్భాల్లో చెట్టును బట్టి చెప్పే జవాబు చాలదు. పది రైతుల్లో పది మందీ టార్సస్ లెక్కపెట్టాలని నేను అనడం లేదు. వాళ్ళకు సలహా ఇచ్చేవాళ్ళకు, పుస్తకం రాసేవాళ్ళకు మాత్రం అది వచ్చి ఉండాలి.

రెండోది ఫోను. ఫొటో తీస్తే యాపే పేరు చెబుతోంది కదా, ఈ పదాలెందుకని మా పిల్లలే అడుగుతారు. తరచుగా కనిపించే, రంగు మచ్చలున్న పురుగుల విషయంలో యాప్‌లు బాగానే చెబుతున్నాయి, కాదనను. నేనూ వాడతాను. కానీ అందరూ తీసేది వీపు ఫొటోయే. నల్ల పురుగు వీపు ఫొటో చూసి కారాబిడేనా టెనిబ్రియోనిడేనా అని తేల్చాల్సి వస్తే యాప్ చెప్పిన మొదటి పేరును పట్టుకుని కూర్చోవడం తప్ప ఏం చేస్తాం? పదాలు తెలిసిన పిల్లవాడు పురుగును తిప్పి, వెనక కాక్సాల దగ్గర ఇంకో ఫొటో తీస్తాడు. ఫోన్ కెమెరాకు తగిలించే చిన్న కటకం ఉంటే చాలు, మంచి ఫొటో వస్తుంది. ఎక్కడ ఫొటో తీయాలో తెలియాలంటే పదం రావాలి. యాప్ చెప్పిన పేరు సరైనదో కాదో పోల్చి చూసుకోవాలన్నా పదమే కావాలి.

మూడో అభ్యంతరం నన్ను నిజంగా ఇబ్బంది పెట్టేది. శాస్త్రజ్ఞులకే ఈ పదాల మీద ఏకాభిప్రాయం లేదు. పైన నేను మెటాస్టెర్నమ్ అని రాసిన పలకను ఇప్పుడు చాలామంది మెటావెంట్రైట్ అంటున్నారు. బయటికి కనిపించే ఆ పలక అంతా అసలు స్టెర్నమ్ (ఖండపు అసలైన అడుగు పలక) కాదన్నది వాళ్ళ వాదన. ఉదరం లెక్క ఇంకా తికమక. మనకు కనిపించే మొదటి వెంట్రైట్ ఉదరంలో మొదటి ఖండానిది కాదు, ముందున్న ఖండాల అడుగు పలకలు బయటికి కనిపించకుండా పోయాయి. చాలా పెంకు పురుగుల్లో మొదటి వెంట్రైట్ నిజానికి మూడో ఖండానిది, కారాబిడే వంటి వాటిలో రెండో ఖండానిది. ఒక పుస్తకం మొదటి స్టెర్నైట్ అంటుంది, ఇంకొకటి మొదటి వెంట్రైట్ అంటుంది, మరొకటి మూడో స్టెర్నైట్ అంటుంది. ఇది చూసి ఒక విద్యార్థి పుస్తకం మూసేసి పక్కన పెట్టాడు. అతన్ని నేను తప్పు పట్టలేను.

అయినా నా అభిప్రాయం మారలేదు. పురుగు చేతిలో లేకుండా ఈ మూడు పేర్లు చదివితే మూడు వేర్వేరు భాగాలనుకుంటాం. పురుగు చేతిలో ఉంటే, వెనక కాక్సాల వెంటనే ఉన్న పలక మీద సూది మొన పెట్టి, ఈ పుస్తకం దీన్ని ఇలా అంటోంది, ఆ పుస్తకం అలా అంటోంది అని సరిచూసుకోవచ్చు. పేర్లు మారినా పలక అక్కడే ఉంటుంది. కొత్త పేరు ఎందుకు వచ్చిందో అడగాలన్న బుద్ధి కూడా అప్పుడే పుడుతుంది.

పురుగులను చంపి నేర్చుకోవాలా అన్న ప్రశ్న కూడా ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోలేను. అమ్రాబాద్ అడవిలోకి పిల్లలను తీసుకెళ్ళినప్పుడు అక్కడ దేన్నీ పట్టనివ్వను, అది పులుల అభయారణ్యం, పట్టకూడదు కూడా. ఊళ్ళో మాత్రం చంపాల్సిన అవసరమే రాదు. వీధి దీపాల కింద పొద్దున్నే రాలి ఉన్నవి, మిల్లు దుమ్ములో ఎండిపోయినవి, కొబ్బరి తోటలో గాలానికి గుచ్చి తీసి పారేసిన కొమ్ము పురుగులు కావలసినన్ని దొరుకుతాయి. కొమ్ము పురుగులో ఆడ, మగ జత కూడా అక్కడే తయారవుతుంది. మగదాని కొమ్ము పొడుగు, ఆడదానిది పొట్టి. కొమ్ము పొట్టిగా ఉన్న మగవి కూడా ఉంటాయి కాబట్టి ఎలిట్రా దాటి బయటికి కనిపించే చివరి పలకను, పిజీడియమ్‌ను చూడాలి. ఆడదానికి అక్కడ ఎర్రటి వెంట్రుకలు దట్టంగా ఉంటాయి.

కాలేజీలో తోటి లెక్చరర్లది ఇంకో మాట. సిలబస్‌లో బొద్దింక ఉంది, మార్కులు బొమ్మకు ఉన్నాయి, నువ్వు జతలు పెట్టుకుంటూ పోతే కాలం సరిపోదంటారు. కాలం సరిపోదన్నది నిజమే. అందుకే బొద్దింకను వదలను, దాని పక్కన కొమ్ము పురుగును పెడతాను. బొద్దింక ముందు రెక్క తోలులా ఉండి ఒకదాని మీద ఒకటి పడుతుంది, ఎలిట్రా గట్టిగా ఉండి నడుమ గీత దగ్గర కలుస్తుంది. కాక్సా నుంచి టార్సస్ దాకా కాలి భాగాలు రెంటిలో ఒకటే వరుస. బొద్దింక కూడా అప్పుడే బాగా అర్థమవుతుందని నా అనుభవం.

తెలంగాణలో 5,000 ఎకరాల క్లస్టర్‌కు ఒకటి చొప్పున రైతులు కలిసి కూర్చునే రైతు వేదిక కట్టారు కదా. నేను చూసిన వాటిలో గోడ మీద పంటల పోస్టర్లున్నాయి. వాటి పక్కన గాజు మూత ఉన్న ఒక చెక్కపెట్టె పెట్టాలని నా కోరిక. అందులో ఆ క్లస్టర్‌లో దొరికిన పురుగులే ఉండాలి. ప్రతి జతలోని ఒక్కో రకానికి ఒకదాన్ని బోర్లా, ఒకదాన్ని వెల్లకిలా గుచ్చాలి. కింద రెండు మూడు పదాలకు మించి రాయకూడదు, ఆ జతను విడదీసే పదాలే రాయాలి. పక్కన దారం కట్టిన ఒక పదింతల కటకం. తయారు చేయడానికి డిగ్రీ పిల్లలు చాలు. పాలెం, కంపాసాగర్ పరిశోధన కేంద్రాల్లో కీటక శాస్త్రం తెలిసినవాళ్ళు ఉన్నారు, పేర్లు సరిచూడమని వాళ్ళను అడగవచ్చు. నల్లగొండ పెట్టెలో బియ్యం పురుగులు ఎక్కువుంటాయి, నాగర్‌కర్నూల్ పెట్టెలో మామిడి, పల్లి పురుగులు ఎక్కువుంటాయి. అన్నిచోట్లా ఒకే పెట్టె అచ్చు వేసి పంచితే మళ్ళీ మొదటికే వస్తాం.

పిల్ల పురుగుల దగ్గర

ఇంతదాకా చెప్పిందంతా రెక్కలొచ్చిన పురుగు గురించే. పంటకు జరిగే నష్టంలో పెద్ద వాటా పిల్ల పురుగుది. మందుల దుకాణానికి ఒక రైతు సీసాలో పత్తాకు మీది పురుగులు పట్టుకొచ్చాడు. నల్లగా, పొడుగ్గా, పక్కల నారింజ రంగు మచ్చలతో ఉన్నాయి. అవి పేనుబంక తినే అక్షింతల పురుగు పిల్లలు. దుకాణంలో అది ఎవరికీ తెలియలేదు, మందు డబ్బా ఇచ్చి పంపారు. ఆ చేనులో ఆ వారం పేనుబంకను ఉచితంగా తింటున్నవాటినే ఆ రైతు డబ్బు పెట్టి చంపాడు. నాకు చాలా బాధేసింది. వంగ మీది ఎపిలాక్నా పిల్ల పసుపు రంగులో, ఒళ్ళంతా కొమ్మలు చీలిన ముళ్ళతో ఉంటుంది. రెంటినీ ఒకసారి పక్కపక్కన చూసినవాళ్ళు మళ్ళీ పొరపడరు.

తెల్ల పురుగుల దగ్గర ఇంత సుళువుగా కుదరదు. పెంట కుప్ప తిరగేస్తే అరచేతి నిండా తెల్ల పురుగులు వస్తాయి, అన్నీ వంకర తిరిగి పడుకుంటాయి. రైతు భయపడి కుప్పంతా మందుతో తడిపేస్తాడు. వాటిలో కొన్ని కుళ్ళిన ఎరువు తినేవి మాత్రమే. నున్నటి గచ్చు మీద వదిలితే పూల మీద వాలే పెంకు పురుగుల పిల్లలు వెల్లకిలా పడి వీపుతో పాకుతాయి. అవి పల్లి వేళ్ళ జోలికి సాధారణంగా రావు. కాళ్ళతో పాకేవి మిగిలితే ఉదరపు చివరి ఖండం అడుగున చూడాలి. అక్కడి ముళ్ళు, వెంట్రుకల అమరికను రాస్టర్ అంటారు, జాతిని బట్టి ఆ అమరిక మారుతుంది. ఎలిట్రా, స్క్యుటెల్లమ్ ఇక్కడ పనికిరావు. హనువులు, కాక్సా, టిబియా పనికొస్తాయి. రాస్టర్ కొత్తగా నేర్చుకోవాలి. నేను ఇప్పుడు ఆ పని మీదే ఉన్నాను. పల్లి మొక్క వేరు దగ్గర దొరికిన పురుగు ఒక సీసాలో, పెంట కుప్పలోది ఇంకో సీసాలో, స్పిరిట్ పోసి, ఏ చేనుదో ఏ కుప్పదో చీటీ రాసి ఎవరైనా మా కాలేజీకి పంపితే ఈ వానాకాలం అయ్యేలోగా ఆ జత కూడా బల్ల మీదికి వస్తుంది.